తలుపు తట్టవద్దు, నేను లేవలేను

ఎడమపాయ వాగు వెంట పైకి వెళ్ళే దారిలో ఆఖరి ఇల్లు స్పర్లాక్ వాళ్ళది. ఆ ఇంటికి మంచి పేరు లేదు.

పగలు అటు వెళ్ళినవాళ్ళకు ఏమీ కనిపించేది కాదు. రేకుల కప్పు, కుంగిన వసారా, పలకలూడిన గోడలు... మా కొండల్లో అలాంటి ఇళ్ళు లోయకు నాలుగుంటాయి. కానీ పొద్దు గూకిన తరువాత — సరిగ్గా పొద్దు గూకిన తరువాతే — ఆ ఇంట్లోంచి ఒక మగవాడి గొంతు వినిపించేది. ఇంట్లో కరెంటు లేదు. కాపురం లేదు. అయినా ఆ గొంతు నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, అంకెలు చదివేది.

ఏడు... నాలుగు... నాలుగు... తొమ్మిది...

ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ అవే అంకెలు.

ఏడు... నాలుగు... నాలుగు... తొమ్మిది...

స్పర్లాక్ బతికి ఉండగా గని ముఖద్వారం దగ్గర కూర్చుని, లోపలికి దిగేవాళ్ళ ఇత్తడి బిళ్ళల నంబర్లు రాసుకునేవాడట. పైకప్పు కూలిన రోజున బిళ్ళలు లెక్క తేలక, తనే లోపలికి వెళ్ళి, తిరిగి రాలేదు. ఆ మనిషే ఇంకా నంబర్లు చదువుతున్నాడని మావాళ్ళ నమ్మకం. ఎవరి బిళ్ళ నంబరు ఆ గొంతులో వినబడితే వాడికి ఆ వారం గని ఆఖరిదని చెప్పుకునేవారు. అందుకే గనివాళ్ళు ఎవరూ ఆ దారి తొక్కేవారు కారు. ఒకసారి చర్చి బోధకుడు ప్రార్థన చేసి వస్తానని బయలుదేరి, వసారా మెట్ల దాకా వెళ్ళి, గొంతు నొప్పిగా ఉందని వెనక్కి వచ్చేశాడు. ఆ తరువాత ఆయన ఆ ఇంటి ఊసెత్తలేదు.

ఈ సంగతి నాకు మా అమ్మమ్మ డ్రెమా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అవే మాటల్లో చెప్పింది. ఆమె కలపని మాట నేనూ కలపను.

అది పందొమ్మిది వందల అరవై తొమ్మిది, జనవరి. అమ్మమ్మకు అప్పటికి ఇరవై ఏళ్ళు. నదికి అవతలి జిల్లా పిల్ల; పెళ్ళయి మా లోయకు వచ్చి ఏడాది. తాతయ్య డెల్‌బర్ట్ ఒహాయో నది మీద బొగ్గు పడవల్లో పనికి వెళ్ళి మూడు వారాలయింది. ఇంట్లో ఉన్నది ఆమె, ఆరు వారాల మగపిల్లవాడు. పేరు డెన్వర్. నెల తక్కువ పుట్టాడు. పురుగు కొట్టిన ఆపిల్ అంత ముఖం.

గని డాక్టరు ఆమెకు మూడు ముక్కల్లో చెప్పాడు: "వెచ్చగా ఉంచు. పొగ తగలనివ్వకు. ఏడిస్తే సంతోషించు... ఏడవడం మానేసిన రోజు భయపడు."

రెండు రోజులుగా గడ్డమంచు వాన. చెట్లన్నీ గాజుబొమ్మల్లా వంగిపోయాయి. లోయలో ఇళ్ళకు కరెంటు పోయింది. ఆ రెండో రాత్రి, ముందుగదిని వెచ్చబెట్టే బొగ్గుపొయ్యి వెనక పలక నిలువునా పగిలింది. తెల్లవారేసరికి గదంతా పొగ. ఆమె పొయ్యి ఆర్పేసి, కిటికీ తెరిచి, పిల్లవాణ్ణి తన కోటు లోపల గుండెకు కట్టుకుంది.

పుట్టింటికి వెళ్దామంటే నది దాటాలి, వంతెన మూసేశారు. అత్తగారింట్లో పిల్లలందరికీ కోరింత దగ్గు. డాక్టరు ఆ గడప తొక్కవద్దన్నాడు. పక్కింటి ఐసీ పెద్దమ్మ పొయ్యి వంటకు సరిపోతుంది గానీ ఆ ఇంటి పొగగొట్టం సగం పొగ వెనక్కి ఊదుతుంది. మిగిలిన దారి ఒక్కటే: ఆ రోజు చీకటి పడేలోగా ఇంకో పొయ్యి సంపాదించాలి.

మా కొండల్లో ఏదైనా సంపాదించాలంటే ముందు తొమ్మిది గంటలయ్యేదాకా ఆగాలి.

పొద్దున తొమ్మిదింటికి మా ఊరి రేడియోలో 'పొద్దుటి అంగడి' మొదలయ్యేది. అది పగటి రేడియో. రాత్రిపూట గాలి దూరపు పెద్ద స్టేషన్ల సొంతమని ప్రభుత్వం రాసిచ్చింది కనుక, పొద్దు గూకగానే మాది నోరు మూసుకోవాలి. అయినా పగలంతా దాన్ని వినని ఇల్లు లేదు. నడిపేవాడు ఆర్విల్ స్టిడమ్. పెళ్ళి కాని మనిషి, యాభై దాటినవాడు, విసుగెరగని గొంతు. అమ్మేవాళ్ళు, మార్చుకునేవాళ్ళు, ఊరికే ఇచ్చేవాళ్ళు, కావాలనేవాళ్ళు — అందరూ ఆయనకే ఫోను చేసేవారు. ఇంటిపేరు చెప్పకూడదు. తుపాకీ, సారా కుదరవు. ఫోను లేనివాళ్ళు కార్డు ముక్క మీద రాసి పంపితే ఆయనే చదివేవాడు. గాలి మీద అన్న మాట సంతకంతో సమానం. "నాకు కావాలి" అని ఒకరు అంటే, "నీదే" అని ఆర్విల్ అంటే, ఇక ఆ వస్తువు వైపు రెండో మనిషి చూడడు. తీసుకునేవాళ్ళు ఆ రోజే వెళ్ళి తెచ్చుకోవాలి. వెళ్ళకపోతే మాట తప్పినట్టు. మాట తప్పినవాళ్ళ ఫోను ఆర్విల్ మళ్ళీ ఎత్తడు.

ఆ రోజు ముందు ఎవరో ముసలాయన రెండు ట్రాక్టరు టైర్లు ఇచ్చి ఒక పాలిచ్చే మేక కావాలన్నాడు. "టైర్లకు గాలి ఉందా, జూబల్?" అని ఆర్విల్ అడిగాడు. "నాకున్నంత ఉంది" అన్నాడు ఆయన. లోయంతా నవ్వి ఉంటుంది. తరువాతి ఫోను అమ్మమ్మది.

"గది వెచ్చబెట్టే పొయ్యి కావాలి" అంది. "పాతదైనా సరే, పొగ రాకపోతే చాలు. పిల్లవాడికి ఆరు వారాలు... నా దగ్గర కుట్టుమిషను ఉంది. ఇచ్చేస్తాను."

"కుట్టుమిషను ఉంచుకో అమ్మా" అన్నాడు ఆర్విల్. "విన్నారుగా. ఎవరి దగ్గరైనా ఉంటే ఫోను చేయండి."

ఎవరూ చేయలేదు. ఆ చలిలో వెలగని పొయ్యి ఏ ఇంట్లో ఉంటుంది? ఆమె బ్యాటరీ రేడియో ముందు కూర్చుని విన్నది. పందిపిల్లలు వచ్చాయి, పెళ్ళి గౌను వచ్చింది, ఒక తలుపు వచ్చింది. పొయ్యి రాలేదు. చివరకు ఆర్విల్ ముగింపు మాటలు చెప్పవలసిన చోట ఆగాడు. చాలాసేపు ఆగాడు. రేడియో ఆరిపోయిందనుకుని ఆమె దాన్ని తట్టింది కూడా.

అప్పుడు కాగితం చప్పుడయింది.

"ఇక్కడ ఒక కార్డుంది" అన్నాడాయన. గొంతు మారింది. "ఎడమపాయ దారిలో ఆఖరి ఇల్లు. మంచి బొగ్గుపొయ్యి. చంటిబిడ్డ ఉన్నవాళ్ళకు ఊరికే. తలుపు తట్టవద్దు, నేను లేవలేను. లోపలికి వచ్చి తీసుకువెళ్ళండి... ఇందాకటి అమ్మాయి వింటున్నావా?"

ఆమె ఫోనెత్తింది. "నాకు కావాలి" అంది.

"నీదే" అన్నాడు ఆర్విల్. వెంటనే పాట వేసేశాడు.

ఫోను పెట్టబోతుంటే తీగలో ఎవరో ఊపిరి పీల్చారు. ఆ దారిలో ఆరిళ్ళకు ఒకటే తీగ. ఊపిరి ఎవరిదో ఆమెకు తెలుసు.

"ఐసీ పెద్దమ్మా, మీరేనా?"

"నేను వినడం లేదు" అంది ఐసీ పెద్దమ్మ. "నిమ్మళంగా ఫోను పెట్టుకుందామనుకుంటున్నా, అంతే... అమ్మాయ్, ఆ ఇల్లెవరిదో తెలుసా నీకు?"

"లేవలేని పెద్దవాళ్ళెవరో."



"లేవలేకపోవడమేమిటి, గనిలో పోయిన స్పర్లాక్ పెళ్ళాం ఎల్వాను పాతిపెట్టి ఎనిమిదేళ్ళయింది. శవపేటిక మోసినవాళ్ళకు బంగాళాదుంపలు ఉడికించింది నేనే."

గుండె మీద పిల్లవాడు సన్నగా మూలిగాడు.

"పొయ్యి ఇంకా ఉందా అందులో?" అని అడిగింది.

"నేను దెయ్యం సంగతి చెబుతుంటే పొయ్యి సంగతి అడుగుతావేం?" అని పెద్దమ్మ విసుక్కుంది. కాస్త ఆగి, "ఉండే ఉంటుంది. ఆ ఇంట్లోంచి చీపురుపుల్ల ఎత్తుకెళ్ళే ధైర్యం ఎవడికుంది? వెళ్తే పొద్దుండగా వెళ్ళు. పొద్దుండగానే వచ్చేయి."

బండి తాతయ్య చిన్నాన్నది. ఓకీ అని పేరు. గనిలో ఇరవై ఏళ్ళు చేసి, ఒక చెవి పోగొట్టుకుని, మాటలు మాత్రం పోగొట్టుకోని మనిషి. టైర్లకు గొలుసులు చుట్టుకుని ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఐసీ పెద్దమ్మ తన పొయ్యిలో కాల్చిన ఇటుకలు గుడ్డల్లో చుట్టి తెచ్చింది. అయిదు ఇటుకలు. పిల్లవాణ్ణి బొంతల మధ్య పడుకోబెట్టి చుట్టూ పేర్చింది.

"ఇవి చల్లారితే మళ్ళీ కాల్చి తేవడానికి నా ఇంట్లో బొగ్గు సాయంత్రం దాకానే" అంది. "ఆ తరువాత నా ఒళ్ళే ఇటుక. అది ఎంతసేపు వేడిగా ఉంటుందో నాకూ తెలియదు. తొందరగా రా."

దారి రెండు మైళ్ళు. మొదటి మైలు గంట పట్టింది. రెండో మైలులో రోడ్డుకు అడ్డంగా రెండు చెట్లు. ఓకీ మామయ్య గొడ్డలితో ఒకటి నరికి రెండోదాని దగ్గర కూర్చున్నాడు.

"కోడలు పిల్లా, ఆఖరి ఇల్లంటే... ఆ ఆఖరి ఇల్లు కాదుగా?"

"ఆఖరి ఇళ్ళు ఎన్ని ఉంటాయి మామయ్యా?"

"నా బిళ్ళ నంబరు నూట పదిహేడు" అన్నాడాయన, గొడ్డలి వంక చూస్తూ. "గని మానేసి మూడేళ్ళయింది. మానేసినవాడి నంబరు చదువుతాడంటావా?"

"మీరు బండిలోనే ఉండండి. నేను వెళ్ళి చూసి వస్తాను."

"పొయ్యి నువ్వొక్కదానివే ఎత్తుతావు కాబోలు" అని ఆయన లేచాడు. "డెల్‌బర్ట్‌గాడు వచ్చి, దెయ్యానికి భయపడి నా పెళ్ళాన్ని వదిలేశావా అంటే ఏం చెప్పను? నాకు ఉన్నది ఒక్క చెవి. సగమే వినిపిస్తుంది. పద."

రెండో చెట్టు తెగేసరికి పొద్దు గూకింది.

ఇంటి ముందు బండి ఆపి, ఇంజను కట్టేశారు. గాలి లేదు. కొమ్మల మీది మంచు అప్పుడప్పుడు టప్పున విరుగుతోంది. ఓకీ మామయ్య లాంతరు వెలిగించాడు. వసారా మీద మంచు చెక్కు చెదరలేదు. దాని మీద పిల్లి అడుగు కూడా లేదు.

మొదటి మెట్టు ఎక్కారు. రెండోది...

లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇద్దరూ ఆగిపోయారు.

తొమ్మిది... మూడు... సున్నా... ఆరు...

నిశ్శబ్దం.

తొమ్మిది... మూడు... సున్నా... ఆరు...

గొంతు సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది. అయినా మనిషి గొంతే. ప్రతి అంకెనూ ఎవరో రాసుకుంటున్నారన్నట్టు నిదానంగా పలుకుతోంది. ఓకీ మామయ్య ఒక మెట్టు వెనక్కి దిగాడు.

"పోదాం పద" అన్నాడు, పెదవులు మాత్రమే కదిలిస్తూ.

అమ్మమ్మ తరువాత ఎన్నోసార్లు చెప్పింది: నాకు ధైర్యం లేదు, నా దగ్గర ఇటుకల లెక్క మాత్రమే ఉంది, అని. ఒకటి చల్లారి ఉంటుంది. రెండోది చల్లారి ఉంటుంది. మూడోది... ఆమె ఆయన చేతిలోంచి లాంతరు తీసుకుంది. చేయి తలుపు మీదికి వెళ్ళింది. తట్టడానికి పిడికిలి బిగిసింది కూడా.

తట్టవద్దు, నేను లేవలేను.

పిడికిలి విప్పి, అరచేత్తో తలుపు నెట్టింది.

ముందుగది ఖాళీ. ఒక మూల ఇనుప మంచం చట్రం. దానికి చేయి చాస్తే అందేంత దగ్గరలో పొయ్యి. నల్లగా, బొద్దుగా, నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళ దుమ్ము తప్ప దానికి ఏ లోపమూ లేదు. గొట్టం నిటారుగా రేకుల కప్పులోంచి పైకి పోయింది.

గొంతు ఆ పొయ్యిలోంచి వస్తోంది.

ఆమె దగ్గరకు నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పుడు అంకెలు ఆగిపోయాయి... ఆమె వచ్చిందని తెలిసినట్టు.

ఆమె ఖాళీ మంచం వైపు తిరిగి, పెద్దవాళ్ళ ముందు మాట్లాడినట్టు మెల్లగా అంది: "అమ్మా, మీరు ఇస్తామన్న పొయ్యి కోసం వచ్చాను. నా పిల్లవాడికి ఆరు వారాలు."

పొయ్యిలో ఎవరో ఊపిరి వదిలారు.

"ఎల్వా" అంది గొంతు. "ఇవాళ్టి నంబర్లు అయిపోయాయి. ఇంకొక్క సంగతి ఉంది."

ఓకీ మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచి చెవిని లోపలికి తిప్పి పెట్టాడు.

"ఒక అమ్మాయి వస్తుంది. చంటిబిడ్డ ఉన్నాడు. నీ ఆఖరి కార్డు ఇన్నేళ్ళు నా సొరుగులోనే పెట్టుకున్నాను. చదివితే పొయ్యి పోతుందని చదవలేదు. అది నా తప్పు. ఇవాళ చదివేశాను..."

"ఓరి భగవంతుడా" అన్నాడు ఓకీ మామయ్య. గుసగుస కాదు, మామూలు గొంతే. "ఇది మన ఆర్విల్ గాడి గొంతు."

ఆయన గబగబా లోపలికి వచ్చి గొట్టం మొదలు పట్టుకున్నాడు. గొంతు మసకబారింది. వదిలాడు. మళ్ళీ తేటపడింది.

"రేడియో స్తంభం ఈ కొండకు అటుపక్కే" అన్నాడు. "ఈ గొట్టాన్ని పైన పాత టెలిఫోను తీగతో కట్టారు చూడు, అది కొండ మీదికి పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఇనుముకు తగిలినచోట రేడియో పలుకుతుంది. స్తంభం కింద క్లైడ్ వాళ్ళ ముళ్ళకంచె ఆదివారం భజనలు పాడుతుందని చెబితే నేనే నమ్మలేదు... ఇన్నేళ్ళూ లోయంతా గడగడలాడింది వీడి అంగడికా! రెండేసిసార్లు చదివేది ఫోను నంబర్లు."

"పొద్దు గూకాక ఆపేయాలి కదా మామయ్యా."

"ఆపేయాలి. పై ఆఫీసువాళ్ళకు తెలిస్తే స్టేషను మూయిస్తారు. వీడు దొంగతనంగా..." ఆయన మాట ఆగిపోయింది. ఖాళీ మంచం వైపు చూశాడు. టోపీ తీశాడు.

గొంతు సాగుతూనే ఉంది. "నిన్ను నేను చూసింది ఒక్కసారే. అప్పుడు కూడా నోరు పెగల్లేదు. గాలి మీదైతే ఏదైనా అనగలను... అందుకే ఇలా అలవాటయింది."

"చివరిదాకా చెప్పనిద్దాం" అన్నాడు ఓకీ మామయ్య మెల్లగా. "గాలి మీద ఉన్న మనిషి మాట మధ్యలో తుంచకూడదు."

నాలుగో ఇటుక చల్లారి ఉంటుంది, అనుకుంది అమ్మమ్మ.

"పొయ్యి వెళ్ళిపోయాక నువ్వు నన్ను ఎలా వింటావో తెలియదు" అంది గొంతు. "అయినా నేను—"

ఆమె రెండు చేతులతో గొట్టం పట్టుకుని ఊడబెరికింది.

మసి జలజలా రాలింది. గదిలో ఇక ఏ చప్పుడూ లేదు. ఓకీ మామయ్య ఆమె వంక చూసి, చూపు తిప్పుకుని, పొయ్యి రెండో వైపు వంగి పట్టుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటకారి మనిషి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇల్లు చేరేసరికి ఎనిమిది. అయిదు ఇటుకలూ నేల మీద వరుసగా ఉన్నాయి. ఐసీ పెద్దమ్మ పిల్లవాణ్ణి తన గౌనులోపల దాచుకుని, బొంత కప్పుకుని, కదలకుండా కూర్చుని ఉంది.

"గంట నుంచి ఏడవడం లేదు" అంది.

గొట్టం బిగించారు. బొగ్గు పోశారు. నిప్పు పెట్టారు. పొయ్యి పొట్ట నెమ్మదిగా ఎర్రబడింది. ఒక్క పొర పొగ రాలేదు. అమ్మమ్మ పిల్లవాడి పాదాలు రెండు అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. తొమ్మిదయింది. పది. పెదవుల చుట్టూ ఉన్న నీలిరంగు పోతోందో, నిప్పు వెలుగులో అలా కనిపిస్తోందో తెలియలేదు. పదకొండు...

పన్నెండు కావస్తుండగా డెన్వర్ ముఖం ముడుచుకుని, నోరు తెరిచి, గుక్కపట్టి ఏడ్చాడు.

"ఏడువు. ఇంకా ఏడువు, నాయనా" అంది ఐసీ పెద్దమ్మ. అని తనూ ఏడ్చింది.

వస్తువు చేరాక, చేరిందని గాలి మీద చెప్పాలి. అప్పుడు ఆర్విల్ ఆ కార్డు కొట్టేస్తాడు. మర్నాడు తొమ్మిదింటికి అమ్మమ్మ ఫోను చేసింది. "పొయ్యి అందింది. పిల్లవాడు బాగున్నాడు" అంది. ఫోను పెట్టలేకపోయింది. "నిన్న సాయంత్రం... మధ్యలో తుంచేశాను. క్షమించండి."

అవతల కార్డు మీద కలం గీసిన చప్పుడయింది.

"కార్డు కొట్టేస్తున్నాను" అన్నాడు ఆర్విల్.

ఆ సాయంత్రం పొద్దు గూకిన అరగంటకు తలుపు చప్పుడయింది. టోపీ చేత్తో పట్టుకుని ఆర్విల్ స్టిడమ్ నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ ఆయన్ను చూడడం అదే మొదలు. గొంతుకున్నంత ఎత్తు మనిషికి లేదు. పొయ్యి దగ్గర కుర్చీ వేసింది. ఐసీ పెద్దమ్మ మొక్కజొన్న రొట్టె, పప్పు పెట్టిన పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టి, తనకేమీ వినబడనట్టు అల్లిక ముందేసుకుని కూర్చుంది.

ఆయన తినలేదు. చెప్పడం మొదలుపెట్టాడు. ఎల్వా మంచం పట్టాక వారానికో కార్డు రాసేదట, ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే పంచిపెడుతూ. చివరకు రేడియో కూడా ఇచ్చేసింది. ఇచ్చేసి రాసింది: విచారపడకండి, నా పొయ్యిలో మీ గొంతు పలుకుతోంది; మీరు ఆపేశాక మాత్రం సాయంత్రాలు చాలా పొడుగు. ఆనాటి నుంచి పొద్దు గూకాక పావుగంట ఆయన యంత్రం ఆపలేదు. ఆ రోజు అంగడి మొత్తం ఆమె ఒక్కతె కోసం మళ్ళీ చదివేవాడు. ఆమె పోయిన రెండు రోజులకు ఆఖరి కార్డు వచ్చింది. అయినా చదవడం మానలేకపోయాడు.

"ఎనిమిదేళ్ళూ మనుషులు భయపడింది నా గొంతుకే" అన్నాడు. "నాకు తెలుసు. చెబితే స్టేషను పోతుందని చెప్పలేదు... అమ్మా, పొద్దున గాలి మీద ఏదో అన్నావు. ఏం తుంచేశావు?"

"మీ మాటే. ఆవిడతో మీరు చెబుతున్న మాట" అంది అమ్మమ్మ. తల వంచుకుంది. "పొయ్యి వెళ్ళిపోయాక నువ్వు నన్ను ఎలా వింటావో తెలియదు అన్నారు. అయినా నేను, అన్నారు. అక్కడ గొట్టం పీకేశాను. ఆ తరువాత మీరేమన్నారో ఆవిడ వినకుండా చేశాను. పిల్లవాడి కోసం చేశాను. ఓకీ మామయ్యను అడగండి, ఆయనా విన్నాడు."

ఐసీ పెద్దమ్మ అల్లిక ఆగిపోయింది.

"నిన్న నాలుగింటికి మంచు బరువుకు స్టేషను కరెంటు తీగ తెగింది" అన్నాడాయన. "యంత్రం చల్లబడిపోయింది. ఇవాళ తెల్లవారి అయిదింటికి గానీ కరెంటు రాలేదు. ఎనిమిదేళ్ళలో నిన్న ఒక్క సాయంత్రమే నేను చదవలేదు. నా నోట ఒక్క మాట రాలేదు."

"మేం విన్నాం" అంది అమ్మమ్మ.

ఆయన కోటు లోపలి జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడత విప్పాడు.

"కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాను. గాలి మీద చెప్పే దారి లేక, చెప్పవలసింది కాగితం మీద పెట్టాను. అయిదున్నరప్పుడు. అలవాటు కొద్దీ నంబర్లు కూడా రాశాను."

అమ్మమ్మ కాగితం అందుకుని పొయ్యి వెలుగుకు పట్టింది. తొమ్మిది, మూడు, సున్నా, ఆరు. దాని కింద మళ్ళీ అవే అంకెలు. ఎల్వా, ఇవాళ్టి నంబర్లు అయిపోయాయి. ఇంకొక్క సంగతి ఉంది. ఒక అమ్మాయి వస్తుంది... ప్రతి మాటా ఆమె విన్నదే. వరుస తప్పలేదు. ఆమె వేలు కిందికి కిందికి జారి, ఆఖరి వరుస దగ్గరకు వచ్చింది.

పొయ్యి వెళ్ళిపోయాక నువ్వు నన్ను ఎలా వింటావో తెలియదు. అయినా నేను

అక్కడితో సిరా ఆగిపోయింది. మిగిలిన కాగితం తెల్లగా ఉంది.

"తరువాత ఏం రాయాలో తెలియలేదు" అన్నాడు ఆర్విల్. "కలం అక్కడే పెట్టేశాను. నువ్వు తుంచింది ఏమీ లేదమ్మా."